ఎనిమిది అడుగుల గీత

టీవీ ఎప్పుడు కొనాలి అన్న ప్రశ్నకి నా దగ్గర రెండు జవాబులు ఉండేవి. షోరూములో ఎవరైనా అడిగితే "ఈ రోజే" అనేవాణ్ణి. ఇంట్లో మా ఆవిడ అడిగితే "ఇంకొన్నాళ్లు ఆగుదాం" అనేవాణ్ణి. పందొమ్మిదేళ్లుగా టీవీలు అమ్ముతున్నవాణ్ణి కాబట్టి రెండు జవాబులూ తడుముకోకుండా చెప్పేవాణ్ణి.

అమ్మడంలో నా పనితనమంతా ఒక పసుపు టేపులో ఉంది. షోరూము నేలమీద ప్రతి టీవీ ముందూ కొలిచి ఒక గీత అంటిస్తాను. నలభై మూడు అంగుళాలకి ఐదున్నర అడుగులు, యాభై ఐదుకి ఏడు, అరవై ఐదుకి ఎనిమిది. జనం ఎక్కడపడితే అక్కడ నిలబడితే బొమ్మ నచ్చదు. మాటల్లో పెట్టి మెల్లగా గీత మీదికి తెచ్చామంటే తెర కంటినిండా పరుచుకుంటుంది, మనిషి మాట్లాడటం మానేస్తాడు. ఆ తర్వాత బిల్లు రాయడమే. కొత్తగా చేరినవాళ్లకి మా మేనేజరు "ముందు ఈయన గీతలు చూసి నేర్చుకోండి" అని చెబుతాడు. ఆ గర్వం నాకు నెత్తికెక్కిందని ఒప్పుకుంటాను. జరిగినదాంట్లో తప్పంతా ఆ గీతదే, అంటే నాదే.

మా ఇంట్లో మాత్రం ఇరవై ఒక్క అంగుళాల డబ్బా టీవీ ఉండేది. మా అమ్మాయి పుట్టిన ఏడాది కొన్నది. పలచటి తెరలు వచ్చినప్పుడు, ఇవి నిలబడతాయో లేదో చూద్దామన్నాను. నిలబడ్డాక, నాలుగింతలు స్పష్టంగా ఉండేవి వస్తున్నాయి, ఆగుదామన్నాను. అవీ వచ్చాక, వెనక దీపమే అక్కర్లేకుండా ప్రతి చుక్కా దానంతటదే వెలిగే తెరలు దిగాయి, ధర కాస్త దిగనిమ్మన్నాను. లోపలి సంగతులు తెలిసినవాడికి కొనడం ఎంత కష్టమో బయటివాళ్లకి తెలియదు. ఏది కొన్నా ఆర్నెల్లలో పాతదైపోతుందని ముందే తెలుస్తుంది, చెయ్యి జేబులోకి పోదు.

మొదట్లో మా ఆవిడ బాగానే పోరింది. "ఊరందరికీ కళ్లు జిగేల్‌మనిపించే టీవీలు అమ్మే అయ్యగారి ఇంట్లో బొమ్మ చూడాలంటే డబ్బా నెత్తిన రెండు మొట్టికాయలు వేయాలి" అని వచ్చినవాళ్ల ముందు నా పరువు తీసేది. ఏడాది కిందటి నుంచి మాత్రం అడగడం మానేసింది. అలిగిందనుకున్నాను. అలక అయితే ఎప్పటికైనా తీరుతుందిలే అని నేనూ కదిలించలేదు.

ఆమె వాచీలు బాగుచేస్తుంది. ముందుగదిలో కిటికీ పక్కన ఆమె బల్ల. కంటికి నల్లటి భూతద్దం బిగించుకుని, వెంట్రుక మందం ఉన్న స్ప్రింగుని పట్టకారుతో తీసి దాని చోట పెట్టేస్తుంది. అదే మనిషి బల్ల దగ్గర్నుంచి లేచి వస్తూ గుమ్మానికి భుజం కొట్టుకుంటుంది. చేతి పక్కనే ఉన్న మంచినీళ్ల గ్లాసు కనిపించక పడేస్తుంది. ఆమె కంటి జబ్బు అలాంటిది. చూపు అంచుల నుంచి లోపలికి మూసుకొస్తోంది. ఇరవై ఏళ్లుగా మెల్లగా వస్తోంది. ఆ మెల్లదనానికి అలవాటుపడి, అది ఎక్కడో ఆగిపోయిందనే అనుకుంటూ వచ్చాను.

మొన్న వేసవి చివర్లో కంటి డాక్టరు ఆమెని ఒక పెట్టె ముందు కూర్చోబెట్టి, అందులో అక్కడక్కడా వెలిగే చుక్కల్ని లెక్కపెట్టించింది. తర్వాత ఒక కాగితం మా ముందు పెట్టింది. కాగితమంతా నలుపు, నడిమధ్యన చిన్న తెల్లటి మచ్చ. "మధ్యలో చూపు చాలా బాగుంది. దాని వెడల్పే తగ్గుతోంది. వచ్చే ఏడాది ఈ పాటికి ఎంత మిగులుతుందో నేను చెప్పలేను. ఆమె చూడాలనుకున్నవి ఏమైనా ఉంటే ఇప్పుడే చూడనివ్వండి" అంది. డాక్టరు చెప్పిన నాలుగు ముక్కల్లో చివరిదే నా చెవిన పడింది. మిగతావి వినలేదు. ఆ రోజు నుంచి షోరూములో ఎవరితోనైనా మాట్లాడుతుంటే మధ్యలో మాట మర్చిపోయేవాణ్ణి.

ఆమె చూడాలనుకున్నది ఒక్కటే. మా అమ్మాయి పరుగు.

మా అమ్మాయిని చిన్నప్పటి నుంచీ పిడుగు అనే పిలుస్తాం. ఎనిమిది వందల మీటర్లు పరిగెడుతుంది. దానికి మొదటి గురువు వాళ్లమ్మే. ఎవరో బాగుకాదని వదిలేసిపోయిన స్టాప్‌వాచ్‌ని తనే బాగుచేసుకుని, పొద్దున్నే స్కూలు మైదానంలో నిలబడి పిల్ల చుట్లు లెక్కపెట్టేది. ఇప్పుడు పిడుగు వేరే ఊళ్లో పెద్ద కోచ్ దగ్గర ఉంటోంది. రెండేళ్ల కిందట ఒక పోటీకి మేమిద్దరం వెళ్లాం. మెట్లు దిగుతూ ఆమె ఒక మెట్టు చూసుకోక పడిపోయింది. పరుగుకి ముందు కాళ్లు సాగదీసుకుంటున్న పిల్ల అదంతా వదిలేసి మా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది, ఆ రోజు ఏడోదిగా వచ్చింది. ఇక స్టేడియం గడప తొక్కనని మా ఆవిడ ఆనాడే ఒట్టు పెట్టుకుంది.

ఈసారి జరిగేది దేశమంతటికీ పోటీ. శనివారం వడపోత పరుగులు, ఆదివారం సాయంత్రం నాలుగూ ఇరవైకి తుది పరుగు. ఆ ఒక్క పరుగు టీవీలో నేరుగా చూపిస్తారు. మా షోరూముకి కొత్త మోడల్ వచ్చేది ఆ తర్వాత పది రోజులకి. అది వచ్చిందంటే, నేను నాలుగేళ్లుగా కన్నేసి ఉంచిన అరవై ఐదు అంగుళాల టీవీ ధర మూడోవంతు పడిపోతుంది.

శుక్రవారం మూడుసార్లు బిల్లు పుస్తకం తీసి మూడుసార్లు మూశాను. మేనేజరు నవ్వాడు. "పది రోజులు ఆగలేవా? నీకు తెలియనిదా?" అన్నాడు. ఇంటికి ఫోన్ చేశాను. "ఏమంటావు, తెచ్చేయనా?" అన్నాను.

"మీ ఇష్టం" అంది మా ఆవిడ. "ఆగాలంటే ఆగండి. నేను పాతదాంట్లోనే చూస్తాను, నాకేం ఇబ్బంది లేదు."

ఇన్నేళ్ల ఆలస్యానికి దెప్పిపొడుస్తోందనుకున్నాను. రోషం పొడుచుకొచ్చింది. ఫోన్ పెట్టేసి బిల్లు రాయించాను. పాతది ఇచ్చేస్తే కాస్త తగ్గిస్తారు కాబట్టి అదీ రాయించాను.

శనివారం పొద్దున్న డెలివరీ వ్యాను వచ్చింది. ఇద్దరు మనుషులు పాత డబ్బాని ఎత్తుతుంటే మా ఆవిడ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "దీన్ని పడగ్గదిలో పెట్టుకుందామండీ" అంది.

"ఇంట్లో రెండు టీవీలా? అందులోనూ ఇదా? నలుగురూ నవ్విపోతారు" అన్నాను.

ఆమె డబ్బా టీవీ నెత్తి మీద, మేం మొట్టికాయలు వేసే చోట, ఒకసారి అరచెయ్యి ఆనించి పక్కకి తప్పుకుంది.

మా ముందుగది పదకొండు అడుగుల పొడవు. ఒక చివర వీధి తలుపు, దానికెదురు గోడకి టీవీ బల్ల. పాత టీవీ ఉన్నన్నాళ్లూ మా ఆవిడ కుర్చీ వీధి తలుపు పక్కన గోడకి ఆనించే ఉండేది. చిన్న టీవీని అంత దూరం నుంచి ఎందుకు చూస్తుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. కొత్తది బల్ల మీద నిలబెట్టాక కొలత టేపు తీసి ఎనిమిది అడుగులు కొలిచి, నా పసుపు టేపు అంటించి, ఆమె కుర్చీని లాక్కొచ్చి గీత మీద పెట్టాను. "కూర్చో" అన్నాను.

ఆమె కూర్చుంది. తెర వెలిగింది. గదంతా రంగులు పరుచుకున్నాయి.

"ఎలా ఉంది?"

ఆమె నావైపు తిరిగి నా మొహాన్నే చాలాసేపు చూసింది. "బాగుంది" అంది. "చాలా బాగుంది." నా కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గేమీ లేదు చెప్పడానికి. పది రోజులు ముందు కొన్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. సాయంత్రం పిడుగు ఫోన్ చేసి తుది పరుగుకి ఎంపికయ్యానని చెప్పింది.

ఆదివారం మధ్యాహ్నం నాకు షోరూములో సెలవు. మూడు గంటలకి ఆ చానెల్లో ముందురోజు పరుగులు కొన్ని వేస్తున్నారు. మా ఆవిడ గీత మీది కుర్చీలో కూర్చుంది. నేను పక్కన స్టూలు మీద ఉన్నాను. పిడుగు తెర మీదికి వచ్చింది. నీలం బనీను, జుట్టు బిగించి కట్టుకుంది. "అదుగో" అన్నాను. మా ఆవిడ నవ్వింది. కానీ ఆ నవ్వు నా మాట తర్వాత వచ్చింది. బొమ్మని చూసి నవ్వలేదు.

అనుమానం తొలిచింది. టీవీ మాని ఆమెని చూడటం మొదలుపెట్టాను. ఆమె తల ఎడమ నుంచి కుడికి, కింద నుంచి పైకి, ఒక్క క్షణం కూడా నిలవకుండా తిరుగుతోంది. గదిలో పారేసుకున్న సూదిని వెతికినట్టుంది. పిడుగు తెరలో కుడిపక్కన ఉంది. ఆమె కళ్లు ఎడమపక్క కింద గడ్డి మీద ఉన్నాయి. ఈసారి కావాలని నోరు మూసుకున్నాను. పిడుగు గీత దాటింది, చేతులు పైకెత్తింది. మా ఆవిడ నవ్వలేదు. ఇంకా వెతుకుతూనే ఉంది.

"ఇప్పుడు నీకేం కనిపిస్తోంది?" అన్నాను.

"పిల్ల పరిగెడుతోందిగా."

"పరుగైపోయింది. నిజం చెప్పు. ఏం కనిపిస్తోంది?"

తల తెర మీంచి కిందికి దించుకుంది. తర్వాత మెల్లగా అంది. "ఒక మోకాలు. అందరిదీ ఒకటే మోకాలు. ఎవరిదో తెలియట్లేదు."

నాకు చప్పున అర్థం కాలేదు. ఒళ్లు మండింది కూడా. వెంట్రుక స్ప్రింగు కనిపించే మనిషికి అరవై ఐదు అంగుళాల తెర కనిపించకపోవడమేంటి? అదే అడిగాను. ఆమె బల్ల మీదున్న టీవీ గ్యారంటీ కాగితం తీసుకుంది. దాన్ని సన్నటి గొట్టంలా చుట్టి నా చేతికిచ్చింది. "ఒక కన్ను మూసి ఇందులోంచి చూడండి. తల కదపొద్దు."

చూశాను. తెల్లటి షూ ఒకటి, దాని కింద ఎర్ర నేల. అంతే. మనిషి లేదు, మైదానం లేదు. గొట్టాన్ని పైకి తిప్పితే ఒక చెవి, కొంచెం ఆకాశం. ఆ డాక్టరు చూపించిన నల్ల కాగితం అప్పుడు గుర్తొచ్చింది. వెడల్పే తగ్గుతోంది అని ఆమె చెప్పిన మాట కూడా అప్పుడే గుర్తొచ్చింది.

"ఎదుటి వస్తువు ఎంత పెద్దదైతే నాకు అంత తక్కువ కనిపిస్తుందండీ" అంది మా ఆవిడ. "పాత టీవీ ఆ గోడ దగ్గర కూర్చుంటే సరిగ్గా నా కంటికి పట్టేది. నాలుగు మూలలూ కనిపించేవి."

"మరి నిన్న బాగుందన్నావు కదా. ఎందుకన్నావు?"

"మీ మొహం చూసి అన్నాను. ఒక మనిషి మొహం దగ్గరగా ఉంటే ఇప్పటికీ నాకు మొత్తం కనిపిస్తుంది. మీరు అంత సంతోషంగా ఉండటం చూసి చాలా రోజులైంది. చెప్పబుద్ధి కాలేదు."

ఆ మాటకి ఆమె మీద గట్టిగా అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. అరిచాక ఇంకా బాధేసింది. గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది. ఇంకో గంట.

మా గోడౌను కాపలా ఆయనకి ఫోన్ చేశాను. "పాత టీవీలా సార్? నిన్న సాయంత్రమే లారీ ఎత్తుకెళ్లిపోయింది. ఈపాటికి గాజు గాజు కింద, తీగ తీగ కింద విడదీసేసి ఉంటారు" అన్నాడు. ఫోన్‌లో చూపిద్దామా అంటే ఆ చానెల్ ఫోన్‌లో రాదని పిడుగు ముందే చెప్పింది. ఇక మిగిలింది వీధి. ఎవరింట్లోనైనా చిన్న టీవీ ఉంటే బతిమాలి తెచ్చుకోవాలి.

చేతిలో కాగితం గొట్టం అలాగే పట్టుకుని బయటపడ్డాను. కుడివైపు మొదటి ఇల్లు, యాభై ఐదు అంగుళాలు. రెండోది, యాభై. మూడో ఇంట్లో నా చేత్తో నేనే గీత అంటించి వచ్చిన అరవై ఐదు. ఎడమవైపు కుట్టుమిషను ఆవిడ దగ్గర ఉన్న చిన్న టీవీని పోయినేడు నేనే వెంటపడి మార్పించాను. "మీరేగా అన్నయ్యా, ఇంత చిన్న తెర చూస్తే కళ్లు పోతాయన్నారు" అంది. తల కొట్టేసినట్టయింది. ఈ వీధిలో ప్రతి గడపకీ పెద్ద టీవీ అంటగట్టింది నేనే. ఇప్పుడు మా ఆవిడ కంటికి పట్టే టీవీ ఒక్క ఇంట్లోనూ లేదు.

చివరికి మా ఇంటికి సరిగ్గా ఎదురుగా ఉన్న సెలూన్ మెట్లెక్కాను. సెలూన్ ఆయన ఎవరికో గడ్డం గీస్తున్నాడు. గోడ మీద నలభై మూడు అంగుళాలు వెలుగుతోంది. అదీ నేనమ్మిందే. మూడూ నలభై ఐదు. మెట్టు మీద నిలబడి మా ఇంటివైపు తిరిగాను. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల మా ఆవిడ అదే గీత మీద, అదే కుర్చీలో కూర్చుని తల అటూ ఇటూ తిప్పుకుంటోంది. ఏడుపొచ్చింది. ఆమెకి ఈ ప్రపంచం ఎలా ఉంటుందో ఇంకొకసారి చూద్దామన్నట్టు గొట్టం కంటికి పెట్టుకున్నాను.

టీవీ కనిపించింది. తలుపు ఒక మూలని కొంచెం కోసేస్తోంది. మిగతాదంతా కనిపించింది. మూడు మూలలూ ఆ చిన్న గుండ్రంలో పట్టాయి.

"ఆ కత్తి కింద పెట్టు" అన్నాను సెలూన్ ఆయనతో. "టీవీ జరపాలి, రా."

సగం నురగ మొహంతో ఉన్న మనిషిని కుర్చీలోనే వదిలేసి పాపం అతను పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరం చెరోవైపు పట్టుకున్నాం. ఈ పలచటి తెరలు మధ్యలో వేలు ఆనితే చిట్లిపోతాయి. వందలసార్లు ఎత్తినవాణ్ణే, ఆ రోజు అరచేతులు చెమటకి జారిపోయాయి. "అన్నా, మెల్లగా, మెల్లగా" అంటూనే ఉన్నాడతను. బల్లతో సహా తలుపుకి సూటిగా రెండడుగులు జరిపాం. పసుపు గీత మీది కుర్చీలోంచి మా ఆవిడని లేపి, దాన్ని ఒక పక్కకి తన్నేశాను.

వీధిలోకొచ్చి చూస్తే తెర నల్లగా ఉంది. బయటి ఎండకి లోపలి బొమ్మ వెలవెలబోయింది. అప్పుడు పందొమ్మిదేళ్ల బుద్ధి ఒక్కసారి పనికొచ్చింది. ప్రతి టీవీలోనూ షాపు కోసమని ఒక ఏర్పాటు ఉంటుంది. అది నొక్కితే బొమ్మ ఉన్నదానికంటే రెట్టింపు వెలుగుతో మండిపోతుంది. జనాన్ని బుట్టలో వేసుకోవడానికి దాన్ని రోజూ వాడుతాను, కొన్నవాళ్లింటికి వెళ్లగానే ఆపేసి వస్తాను. మా ఇంట్లో దాన్ని నొక్కాను. కిటికీలకి దుప్పట్లు కట్టాను. శబ్దం చివరిదాకా పెంచాను. తెర వీధిలోకి వెలిగింది.

మా ఆవిడ భుజం పట్టుకుని రోడ్డు దాటించి సెలూన్ మెట్టు మీద కూర్చోబెట్టాను. నాలుగూ పద్దెనిమిది. ఆమె సొరుగులోంచి స్టాప్‌వాచ్ తెచ్చుకుంది. అది ఆమె చేతిలో ఎప్పటినుంచి ఉందో నేను గమనించనే లేదు.

"కనిపిస్తోందా?" అన్నాను. ఈసారి ఆమె మొహాన్ని పరీక్షగా చూశాను. నన్ను సంతోషపెట్టడానికి అబద్ధం చెబుతుందేమోనని భయం.

ఆమె వేలితో గాలిలో లెక్కపెట్టింది. "ఎనిమిది మంది" అంది. "పిల్ల మూడో గీతలో ఉంది."

సరిగ్గా అప్పుడు వీధి మలుపులో నీళ్ల ట్యాంకరు తిరిగింది.

అది మా ఇంటికీ సెలూన్‌కీ మధ్యలోంచే పోవాలి. అక్కడ ఆగితే ఇక అంతే, బండ్లు దాని వెనక పేరుకుపోతాయి, పరుగు మొత్తం దాని పొట్ట వెనక్కి పోతుంది. రెండు చేతులూ చాపి దాని ముందుకి పరిగెత్తాను. డ్రైవరు హారను మీద చెయ్యి తీయలేదు. "చావడానికి నా బండే దొరికిందా?" అన్నాడు తల బయటపెట్టి.

"రెండు నిమిషాలు. కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను. మా అమ్మాయి పరిగెడుతోంది, వాళ్లమ్మ చూస్తోంది."

"ఎక్కడ పరిగెడుతోంది? వీధిలో ఎవరూ లేరు కదా."

"టీవీలో" అన్నాను. అతను నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. తర్వాత మెట్టు మీద కదలకుండా కూర్చున్న మనిషినీ, ఎదురింట్లో వెలుగుతున్న తెరనీ చూశాడు. ఏమర్థమైందో ఏమో, ఇంజను ఆపేశాడు. వెనక బండ్లవాళ్లు మాత్రం ఆపలేదు, హారన్లన్నీ ఒక్కసారి మోగాయి.

టీవీలో తుపాకీ పేలింది.

ట్యాంకరు పక్కన, చేతులు చాపుకుని నిలబడ్డాను. అక్కణ్ణుంచి మా తలుపు ఏటవాలుగా ఉంటుంది, తెర కనిపించదు. హారన్ల గోలలో టీవీలో మాట్లాడేవాడి గొంతు ముక్కముక్కలుగా తప్ప వినిపించదు. నేను పక్కకి జరిగితే డ్రైవరు బండి కదుపుతాడేమోనని జరగలేదు. నా కూతురు పరుగు నేను చూడలేదు. మా ఆవిడ మొహం చూశాను.

ఆమె తల కదలలేదు. ముందుగా అదే చూశాను. మూడు గంటల నుంచీ నిలవని తల నిలబడిపోయింది. కళ్లు మాత్రం మెల్లగా ఎడమ నుంచి కుడికి, మళ్లీ కుడి నుంచి ఎడమకి పోతున్నాయి. బొటనవేలు స్టాప్‌వాచ్ మీద ఉంది. మొదటి చుట్టు అయిందని ఆమె ముక్కుతో వదిలిన గాలిని బట్టి తెలిసింది. తర్వాత పెదవులు కదిలాయి. "లోపల ఇరుక్కున్నావు" అంది. "బయటికి రా. బయటికి రావే." గొంతు పెరిగింది. మెట్టు మీంచి సగం లేచింది. సెలూన్ లోంచి నురగ మొహం మనిషి కూడా వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. నా చేతులు లాగేస్తున్నాయి. గెలుస్తోందా ఓడుతోందా అని అడగాలని ప్రాణం కొట్టుకుంటోంది, కానీ ఆమె కళ్లు నావైపు తిప్పించడానికి భయమేసింది. ఉన్న కాస్త చూపునీ ఆ రెండు నిమిషాలు నేను అడుక్కోదలుచుకోలేదు.

ఆమె బొటనవేలు నొక్కింది. కూర్చుండిపోయింది. చేతిలోని స్టాప్‌వాచ్ చూసుకుంది.

ట్యాంకరుకి దారి వదిలి ఆమె దగ్గరికి వెళ్లాను.

"మూడోది" అంది. "చివరి మలుపులో ఇద్దరి మధ్య ఇరుక్కుంది. ఎర్ర బనీను పిల్ల ముందే కదిలిపోయింది. మన పిల్ల బయటికొచ్చేసరికి అరవై మీటర్లే మిగిలాయి. అంత తక్కువలో ముగ్గుర్ని దాటింది." ఆమె బుగ్గలు తడిగా ఉన్నాయి. "మొత్తం కనిపించిందండీ. అందరూ కనిపించారు."

అరగంట తర్వాత పిడుగు ఫోన్ చేసింది. రొప్పుతూనే ఉంది. "అమ్మా, కొత్త టీవీలో చూశావా?" అంది.

"చూశాను. మొదటి చుట్టులో ఆ పొడుగు పిల్ల భుజం వెనకే ఎందుకుండిపోయావు? ఒకటిన్నర అడుగు బయటికి జరిగి ఉంటే ఆ ఇరుకే ఉండేది కాదు. చెయ్యి కూడా కుడిది ఎక్కువ ఊపుతున్నావు మళ్లీ."

అవతల మాట లేదు. చిన్నబుచ్చుకుందేమోనని నేను ఫోన్ అందుకోబోయాను. అప్పుడు వినిపించింది, పిల్ల ఏడుస్తోంది. స్టేడియానికి రావడం మానేశాక, రెండేళ్లుగా ఏ పరుగు గురించి అడిగినా వాళ్లమ్మ "బాగా పరిగెత్తావు" అనే చెబుతోందట. తప్పు ఒక్కటీ చెప్పలేదట. అమ్మకి ఇక కనిపించడం లేదని అది ఎప్పుడో అర్థం చేసుకుంది. నాకే అర్థం కాలేదు.

పది రోజులకి కొత్త మోడల్ వచ్చింది. మా టీవీ ధర మూడోవంతు పడింది. "చెప్పానా, ఆగాల్సింది" అన్నాడు మేనేజరు. నేను నా టేపు చుట్ట ఒకటి జేబులో వేసుకుని ఇంటికొచ్చాను.

మా ఆవిడ సెలూన్ మెట్టు మీద కూర్చుని ఉంది. ఇప్పుడు రోజూ సాయంత్రం కాసేపు అక్కడే కూర్చుంటుంది, మేం తలుపు తెరిచి ఉంచుతాం. మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆ తెల్లటి మచ్చ ఇంకా చిన్నదవుతుందని నాకు తెలుసు. అప్పుడు ఆమె ఇంకా వెనక్కి జరగాలి. మెట్టు వెనక సెలూను ఉంది. "సెలూను నాదే కదన్నా, అవసరమైతే కుర్చీ లోపల వేసుకుందాం" అన్నాడు సెలూన్ ఆయన, కత్తి తుడుచుకుంటూ. అతను మామూలుగానే అన్నాడు.

మెట్టు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని టేపు చింపాను. అలవాటు కొద్దీ కొలత టేపు కూడా తీశాను. మళ్లీ జేబులో పెట్టేశాను.

"గీత ఎక్కడ పెట్టమంటావు?" అని మా ఆవిడని అడిగాను.

ఆమె కొంచెం వెనక్కి జరిగింది, కొంచెం ముందుకొచ్చింది, ఆగింది. "ఇక్కడ" అంది.

పందొమ్మిదేళ్లలో చూసే మనిషిని అడిగి గీత పెట్టడం నాకు అదే మొదటిసారి.